తుప్పు పట్టిన తలుపు చల్లగా ఉండాలి

ఇనుముకి తుప్పు పట్టడం నష్టమని మొదట ఎవరన్నారో గాని, ఆ పెద్దమనిషికి కారు ఉండి ఉండదు. ఉన్నా మా గోదావరి జిల్లాలో ఉండి ఉండదు. కారున్న గృహస్థుకి తుప్పుని మించిన ఆపద్బాంధవుడు లేడని నేను ఢంకా బజాయించి చెబుతున్నాను!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్న మాట. నాకొక ల్యాండ్‌మాస్టర్ కారు ఉంది. మా నాన్నగారు కొన్నది. రావులపాలెం దగ్గర కాలవగట్టు మీద మా ఊరు. చాలాకాలం పాటు ఆ ఊరు మొత్తానికి అదొక్కటే కారు. ఇప్పుడు దాన్ని చూసిన ప్రతివాడూ "ఇంకా నడుస్తోందాండీ?" అని అడుగుతాడు. నడుస్తోంది. ఇంజనుకి ఏ జబ్బూ లేదు. జబ్బంతా ఎడమవైపు వెనక తలుపుకే.

వానాకాలంలో అద్దం పక్కనుంచి నీళ్లు తలుపు లోపలికి దిగుతాయి. దిగిన నీళ్లు బయటికి పోవడానికి అడుగున చిన్న కన్నాలుంటాయి. మా ఊరి రోడ్డు ధర్మమా అని ఆ కన్నాలు మట్టితో పూడిపోయాయి. నీళ్లు అక్కడే కాపురం పెట్టి రేకుని లోపలినుంచి తినేశాయి. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంది. ఒకనాడు వేలు పెట్టి నొక్కితే వేలు లోపలికి పోయింది. కొన్నాళ్లకి చెయ్యి పట్టింది. ఆ తర్వాత మా పెరట్లో కోడిపెట్ట పట్టింది. అది తలుపులో దూరి గుడ్లు పెట్టడం మొదలెట్టాక, దీన్ని తుప్పు అనకూడదు, ఆస్తి అనాలి అని నాకు జ్ఞానోదయమైంది.

ఆ తుప్పు రాకముందు నా బతుకు ఎలా ఉండేదో వింటే మీకు కళ్లనీళ్లు తిరుగుతాయి.

ఊళ్లో ఎవరి పెళ్లయినా కారు నాదే. కోడలు పుట్టింటినుంచి రావాలన్నా, అల్లుడు అలిగి వెళ్లిపోతుంటే మధ్యదారిలో ఆపి వెనక్కి తేవాలన్నా నాదే. శివరాత్రికి పట్టిసీమ రేవు దాకా వెళ్తూ అందులో ఎంతమంది ఎక్కారో ఎక్కినవాళ్లకే తెలీదు, దిగేటప్పుడు ఒకావిడ తన కాలనుకుని పక్కావిడ కాలు లాగిందట. వెంకన్నగారి పంపుసెట్టు మోటారు వెనక సీట్లో కూర్చుని తణుకు వెళ్లి వైండింగు చేయించుకుని వచ్చింది. వచ్చేటప్పుడు దానికి గాలి తగలాలని అద్దం కూడా దించారు!

అన్నిటికంటే గొప్పది పెళ్లిచూపుల సంగతి. ఒకాయన (పేరెందుకు లెండి, ఇంకా బతికే ఉన్నారు) నా కారులో భీమవరం వెళ్లి, అది తన కారేనన్నట్టు దిగారు. సంబంధం కుదిరింది, పెళ్లయింది. దసరాకి వచ్చిన కొత్తల్లుడు షికారుకి బయల్దేరి మా ఇంటి ముందు ఆగి, "మా మామగారి కారు మీ షెడ్డులో ఉందేంటండి?" అని అడిగాడు. నేనేం చెబుతాను? పిల్ల కాపురం కదా. "మా షెడ్డు ఖాళీగా ఉందని ఇక్కడ పెట్టుకోమన్నానండి" అన్నాను. పండగ నాలుగురోజులూ నా కారుని నేను ముట్టుకోలేదు.

మరి ఇవ్వనని చెప్పొచ్చు కదా అంటారు మీరు. మీది ఏ జిల్లా?

మా వైపు ఎవరూ కారు కావాలని అడగరండి. అడిగితే కదా ఇవ్వననడానికి! వచ్చి అరుగు మీద కూర్చుంటారు. వానల గురించి, అరటిగెల ధర గురించి, మా ఆవిడ మోకాళ్ల గురించి మాట్లాడతారు. కాఫీ వస్తుంది. అప్పుడు, సొంత చుట్టం గురించి అడిగినట్టు, "కారుకి ఒంట్లో ఎలా ఉందండి?" అంటారు. నేను వెంటనే బాగుందనకూడదు. అంటే గర్వం. "ఏదో అలా ఉందండి, పెద్దదైపోయింది కదా" అనాలి. ఆయన నొచ్చుకుని, "అలాగనకండి, దాని ముందు కొత్త కార్లు ఏపాటి" అని మళ్లీ అదే మాట తిప్పి అడగాలి. నేను టైర్ల మీద కాస్త విసుక్కోవాలి. మూడోసారి ఆయన అడిగీ అడగనట్టు, "శుక్రవారం మా వాడి పెళ్లండి" అంటారు. నేను లేచి మేకుకున్న తాళంచెవి తీసి చేతిలో పెడతాను. మొదటిసారి తాగమంటే కాఫీయే తాగనివాళ్లం, మొదటిసారి అడగ్గానే కారు ఇస్తామా? ఈ తతంగమంతా జరగాల్సిందే. ఇందులో ఒక్క మెట్టు తప్పినా ఇచ్చినవాడికీ పరువు తక్కువే, పుచ్చుకున్నవాడికీ పరువు తక్కువే.

ఈ బాధనుంచి నన్ను ఒడ్డున పడేసింది తుప్పు.

వీరవెంకటసత్యనారాయణగారి అమ్మాయి పెళ్లిలో వధూవరులిద్దరూ తెల్లటి మధుపర్కాలతో నా కారెక్కి విడిదికి బయల్దేరారు. ఎవరో ఉత్సాహవంతుడు తలుపు ధడేలున వేశాడు. లోపల ఏళ్లుగా పోగైన తుప్పంతా పొడిలా లేచి ఇద్దరి ఒళ్లోనూ పడింది. మరో ఊళ్లో అయితే తగువే. మా ఊళ్లో పెళ్లికొడుకు మేనమామ చేతులు జోడించి, "కుంకుమ పడిందండి, శుభం" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లంతా శుభమే అన్నారు. కుంకుమ ఉతికితే పోతుంది, తుప్పు మరక ఈ జన్మకి పోదు అని అక్కడున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. ఒక్కరూ నోరెత్తలేదు.

అంతే. ఆ రోజునుంచి నా కారు ఆరోగ్యం గురించి అడిగినవాడు లేడు!

ఎంత హాయి అనుకున్నారు! రెండు పూటలకి చాలని కాఫీపొడి వారం వచ్చింది. పేపరు మొదటి పేజీనుంచి టెండరు ప్రకటనల దాకా ప్రశాంతంగా చదువుకున్నాను. ఏ కాలవ మీద ఏ తూముకి టెండరు పిలిచారో ఇంజనీర్ల కంటే ముందు నాకే తెలిసేది. అరుగు మీద వేసే చాప చుట్టిపెట్టినది చుట్టిపెట్టినట్టే ఉంది. సాయంత్రాలు మా ఆవిడ అన్నపూర్ణమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చునేవాళ్లం.

"ఇంట్లో మాట వినబడి ఎన్నాళ్లయిందండీ" అంది అన్నపూర్ణమ్మ ఒకరోజు.

"అదే కదా సుఖం" అన్నాను.

పైగా ఈమధ్య రావులపాలెం సెంటర్లో ట్యాక్సీ స్టాండొకటి వెలిసింది. తెల్లటి అంబాసిడర్లు వరసగా నిలబడి ఉంటాయి. డబ్బిస్తే ఎవరింటికైనా వస్తాయి. వాటికి ఒంట్లో ఎలా ఉందని ఎవరూ అడగనక్కర్లేదు. జనానికి తీరిందీ బాధ, నాకూ తీరింది. ఇంతకంటే ఏం కావాలి?

ఇలా ఉండగా మా ఎదురింటి గున్నేశ్వరరావుగారి అమ్మాయి మీనాకుమారికి పెళ్లి కుదిరింది. గున్నేశ్వరరావుగారు అరటికాయల వ్యాపారం చేస్తారు. ఆ పిల్ల హైస్కూలు చదువంతా, వాన పడినప్పుడల్లా, మా కారు వెనక సీట్లోనే సాగింది. ఎడమవైపు కిటికీ పక్కనే కూర్చునేది. సీటు మీద సిరా ఒలికించిన ఘనత కూడా దానిదే. పిల్లల్లేని ఇంట్లో ఆ సిరా మరకని తుడవకుండా ఉంచిన ఘనత అన్నపూర్ణమ్మది.

పెళ్లి కుదిరిన వారంలోనే నేను కారుని టింకరింగ్ షెడ్డుకి తీసుకెళ్లాను. ఈ రెండు సంగతులకీ ఏ సంబంధమూ లేదని పాఠకులు గమనించాలి! కోడిపెట్ట గుడ్లు పెట్టడం మానేసింది. ఇక ఆ కన్నంతో నాకేం పని?

రావులపాలెంలో బుల్లియ్య అని టింకరింగ్ చేసే ఆయన ఉన్నాడు. తలుపు చుట్టూ తిరిగి, తట్టి, కన్నంలోంచి అటువైపు నన్ను చూసి, "ఈ తలుపు ఇంక ఎక్కడా దొరకదు బాబుగారండి, మనమే పుట్టించాలి" అన్నాడు. పుట్టించడానికి కొలత కావాలిగా. తలుపు మీద పాత పేపరు పరిచి, ఒంపుల వెంట గోటితో గీటి, ఆ ఆకారంలో కత్తిరించాడు. చూద్దును కదా, ఆ పేపర్లో ఉన్నది నా వ్యాసమే. దేశానికి క్రమశిక్షణ ఎందుకు కావాలో అందులో నిరూపించాను. నా రచన ఎవరికైనా ఉపయోగపడిందంటే ఇప్పటివరకూ ఆ తలుపుకే.

"ఎప్పటికవుతుంది బుల్లియ్యా?"

"ఆయ్, అయిపోయినట్టేనండి."

అప్పటికి ఇంకా రేకు కొనలేదు. మర్నాడు వెళ్తే తలుపు ఊడదీసి ఉంది, "అయిపోయినట్టేనండి." ఆ పై వారం వెళ్తే తుప్పు తిన్నంత మేరా కోసేసి ఉంది. తలుపు కింది సగం లేదు. "అయిపోయినట్టేనండి." కాదు, లేదు, ఆలస్యమవుతుంది అనే మాటలు మా జిల్లాలో నోటితో అనకూడని మాటలు. బుల్లియ్య మర్యాదస్తుడు.

ఎదురింట్లో మాత్రం పనులు బుల్లియ్య కోసం ఆగలేదు. పసుపు కొట్టారు. పందిరి రాటలు వచ్చాయి. నేను రోజూ ఒకసారి రావులపాలెం వెళ్లి షెడ్డు ముందు స్టూలు మీద కూర్చోవడం మొదలెట్టాను. గాలి మార్పు కోసం.

కొత్త రేకుని పాత రేకుకి అతకడం చూస్తే గాని నమ్మలేరు. గ్యాస్ మంట తగిలితే పల్చటి రేకు అప్పడంలా పొంగిపోతుంది. పొంగకుండా ఉండాలంటే పక్కన చల్లగా ఏదో ఉండాలి. మా బుల్లియ్య అరటిబోదె పొరలు ఒలిచి అతుకు పక్కనే ఒత్తుగా పరుస్తాడు. రావులపాలెంలో అరటిబోదెలకి కరువా? మంట ఇటు, బోదె అటు. చుయ్‌మని ఆవిరి లేస్తుంది. షెడ్డంతా పెళ్లివారి వంటల వాసన. గోరంత అతికి, ఆగి, ఇంకోచోట గోరంత అతికి, అలా ఓపికపట్టాడు. నేనూ ఓపికపట్టాను. తర్వాత అంచు మడిచి సుత్తితో కొడుతుంటే ప్రతి దెబ్బకీ నా పళ్లు జివ్వుమన్నాయి.

తలుపు బిగించే రోజు వచ్చింది. బిగించారు. మూసుకోలేదు. కొత్త రేకు బరువుకి తలుపు కిందికి వాలింది. పైకెత్తి వేస్తే వెనక సందు పెద్దదైంది. వెనక సరిచేస్తే ముందు గీసుకుంది. కీలు కింద రేకుముక్కలు పెడుతూ, తీస్తూ, బుల్లియ్య అందులోనే ఒక పూట గడిపాడు. చివరికి తలుపు పడింది గాని, కాస్త ఎత్తి, లోపలికి నొక్కి, భుజంతో ఒక తోపు తోస్తే తప్ప పడదు.

"దాని తత్వం తెలిసినవాళ్లు వేస్తే పడుతుందండి" అన్నాడు బుల్లియ్య.

రంగు సంగతి అడక్కండి. కారంతా వెలిసిన మీగడరంగు. ఆ ఒక్క తలుపూ అప్పుడే తలంటి పోసుకున్నట్టు మెరిసిపోతోంది. అడుగున నీళ్లు పోయే కన్నాలు ఉన్నాయో లేవో నేను నేల మీద పడుకుని మరీ చూసుకున్నాను. కారు ఇంటికి తెచ్చి, షెడ్డులో పెడితే గాలాడదని, వీధిలో పెట్టాను. ఎడమవైపు ఎదురింటికి ఎదురుగా వచ్చేట్టు. అలా అయితేనే నీడ పడుతుంది.

ఆ సాయంత్రం గున్నేశ్వరరావుగారు వచ్చారు! చాప తీసి విదిల్చి వేశాను. అన్నపూర్ణమ్మ కాఫీ చిక్కగా పెట్టింది. శుభలేఖకి పసుపు రాసి చేతిలో పెట్టారు. వానలు అయ్యాయి, గెలల ధర అయింది, మోకాళ్లు అయ్యాయి. అప్పుడాయన కారు వైపు చూశారు.

"తలుపు కొత్తది వేయించినట్టున్నారు చంద్రరావుగారూ."

"ఏదో కాస్త అతుకు వేయించానండి."

"కారుకి ఒంట్లో ఎలా ఉందండి ఇప్పుడు?"

ఎన్నాళ్లకి విన్నానండి ఆ మాట! నాకు గుండె నిండిపోయింది. నిండిపోయింది కనకనే ఎక్కడా మర్యాద తప్పకుండా సమాధానం చెప్పాను.

"ఏదో అలా ఉందండి. పెద్దదైపోయింది. ఎక్కడ ఆగిపోతుందో తెలీదు."

చెప్పి, రెండో అడుగుడు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. గున్నేశ్వరరావుగారు కాఫీగ్లాసు కింద పెట్టారు. కారు వైపు మళ్లీ చూశారు.

"అవునండి పాపం. దాన్నెందుకు ఇబ్బంది పెట్టడం" అన్నారు.

ఇంకో రెండు మాటలు మాట్లాడి, తప్పకుండా రావాలని చెప్పి లేచారు. నేను గుమ్మం దాకా వెళ్లి సాగనంపాను. చేతులు జోడించాను కూడా. మేకుకున్న తాళంచెవి మేకుకే ఉంది.

మర్నాడు ఆయన భార్య శ్యామలాంబగారు పసుపు కుంకాలతో పిలుపుకి వచ్చి అన్నపూర్ణమ్మతో అన్నారట. "మా ఆయన కారు అడుగుదామనే వచ్చారు వదినగారూ. అన్నయ్యగారు బాగోలేదనేసరికి, అంత ముచ్చటపడి చేయించుకున్న తలుపు కదా, పెళ్లిజనం గీతలు పెట్టేస్తారని భయపడుతున్నారేమో, మళ్లీ అడిగితే ఇరుకున పెట్టినట్టుంటుందని లేచి వచ్చేశారు. అటునుంచి అటే స్టాండుకెళ్లి ట్యాక్సీ చెప్పారు."

"ఇప్పటికైనా వెళ్లి చెప్పండి" అంది అన్నపూర్ణమ్మ నాతో.

ఎలా చెబుతాను? ఆయన ట్యాక్సీ కుదుర్చుకున్నాక, అది మానేసి నా కారు తీసుకోండి అంటే, ఆ పెద్దమనిషి ఏర్పాటుకి నేను వంక పెట్టినట్టు కాదూ? వెళ్లలేదు. పెళ్లయినంతసేపూ ఇద్దరం పక్కపక్కనే నిలబడి వచ్చినవాళ్లకి పన్నీరు చల్లాం. ఆయన నాకు తాంబూలం ఇచ్చారు. నేను ఆయన్ని మెచ్చుకున్నాను. మర్యాదకి ఎక్కడా లోటు రాలేదు.

అప్పగింతలు అయ్యాయి. వీధిలో తెల్ల ట్యాక్సీ మల్లెదండలతో నిలబడింది. దాని వెనకాలే నా కారు, తెల్లవారగానే నేను కడిగి తుడిచినది. మీనాకుమారి అన్నపూర్ణమ్మని పట్టుకుని ఏడ్చి, నా కాళ్లకి దణ్ణం పెట్టి లేచింది.

"బాబాయిగారూ, మన కారు బాగైందంటగా. ఎలా ఉందండి?"

నేనేమన్నానో మీరు ఊహించగలరు. నేనూ ఊహించగలిగేవాణ్ణే, కానీ నోరు నాకంటే ముందు పుట్టింది.

"ఏదో అలా ఉందమ్మా."

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. గబగబా నా కారు దగ్గరికి వెళ్లి, ఆ తలుపు తీసింది, లోపలికి ఒకసారి చూసింది, మళ్లీ వేసింది. ఎత్తలేదు, భుజంతో తోయలేదు. ఒక్కసారికే పడింది. ఈలోగా ట్యాక్సీ డ్రైవరు హారన్ కొట్టాడు. వర్జ్యం వస్తోందని ఎవరో తొందరపెట్టారు. పిల్ల వెళ్లి ట్యాక్సీ ఎక్కింది. కాలవగట్టు మలుపు దాకా ఆ తెల్లకారు కనబడింది, తర్వాత దుమ్ము కనబడింది.

"నా కారులో దిగబెడతాను రా తల్లీ అని ఒక్కమాట అంటే మీ సొమ్మేం పోయిందండీ?" అంది అన్నపూర్ణమ్మ. వీధిలో, అందరి ముందూ, గట్టిగానే అంది. నలభై ఏళ్ల కాపురంలో ఆవిడ మర్యాద తప్పింది అదొక్కసారే. నాకు ఏడుపొచ్చింది. కంట్లో దుమ్ము పడిందన్నాను. దుమ్మేనండి అన్నారు పక్కవాళ్లు, శుభం అన్నట్టుగానే.

ఇందుమూలంగా నేను చెప్పొచ్చేదేమిటంటే, తుప్పు వరం. నిజంగా వరం. తుప్పు ఉన్నంతకాలం, అందుకే ఎవరూ అడగట్లేదు అని చెప్పుకోవడానికి ఒక కారణం ఉండేది. ఇప్పుడు తలుపు బాగుంది. రేకు కొత్తది, రంగు కొత్తది, నీళ్లు పోవడానికి కన్నాలు కూడా ఉన్నాయి. ఇప్పుడూ ఎవరూ అడగట్లేదు. కారణం చెప్పుకుందామంటే ఒక్క తుప్పు మచ్చ దొరకడం లేదు!

స్టాండులో ట్యాక్సీ ఒక్క మాటకే వస్తుంది. మంచిదే. దానికోసం ఎవరి అరుగు మీదా కూర్చోనక్కర్లేదు, ఎవరి మోకాళ్ల గురించీ అడగనక్కర్లేదు. మా ఊళ్లో ఇప్పుడు ఎవరికీ ఎవరితోనూ పనిలేదు. ఎంత సుఖంగా ఉన్నామో చెప్పలేను.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ ఇంట్లో పెళ్లో, పేరంటమో, పాడైన పంపుసెట్టో ఉంటే మా ఊరు రండి. కాలవగట్టు మీద మీగడరంగు కారు ఎవరిదని అడిగితే చిన్నపిల్లాడైనా చూపిస్తాడు. కారు ఎలా ఉందని అడిగితే నేను బాగోలేదనే అంటాను. ఈ వయసులో ఇంకో మాట నేర్చుకోలేను. మీరు మాత్రం నా మాట వినిపించుకోకండి. తలుపు తీసి ఎక్కి కూర్చోండి.